తాళం వేశానా, లేదా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నలభై దాటిన ఆడవాళ్లవే. ఒకరు గుండెదడ అంటారు, ఒకరు నిద్ర లేదంటారు, ఒకరు ఊరికే ఏడుపొస్తోందంటారు. అందుకే ఈసారి మోకాళ్ల నొప్పుల వాళ్లని వచ్చే నెలకి వాయిదా వేసి మూడు ఉత్తరాలే తీసుకున్నాను. మొదటిది పొడుగ్గా ఉంది. జవాబూ పొడుగ్గానే వచ్చింది, ఓపిక చేసుకుని చదవండి.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 46. వనస్థలిపురంలో ఉంటాం. అమీర్‌పేటలో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. మావారిది కరెంటు ఆఫీసులో ఉద్యోగం. బాబు ఇంజనీరింగ్, పాప ఇంటర్ సెకండియర్. అత్తగారు మాతోనే ఉంటారు. ఎనిమిది నెలలుగా నాకేదో అవుతోంది. రాత్రి మూడింటికి ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతుంది, మెడ వెనకంతా చెమట, నైటీ తడిసిపోతుంది. ఇంక నిద్ర పట్టదు. బాబు బండి మీద కాలేజీకి వెళ్తాడు, ఏమైనా అయితే అని మొదలై, పాప పరీక్షలు, ఇంటి లోను దాకా పోతుంది ఆలోచన. ఒక రాత్రి ఇది హార్ట్ ఎటాకే అనుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు చేసి, గుండె బాగుంది, గ్యాసు, టెన్షన్ అని పంపించేశారు. బిల్లు చూసి మావారు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

పొద్దున తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వేశానా లేదా అని వెనక్కి వస్తున్నాను. ఒక్కోరోజు రెండుసార్లు. పోయిన నెల మెట్రోలో మలక్‌పేట దాటి మూసీ దగ్గరికి వచ్చేసరికి ఊపిరి ఆడనట్టయింది. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగిపోయి కూలబడ్డాను. అప్పటినుంచి మెట్రో ఎక్కడం లేదు, చాలా ముందే బయల్దేరి బస్సులో వెళ్తున్నాను. నెలసరి ఒకసారి 22 రోజులకే వస్తుంది, ఒకసారి 50 రోజులకీ రాదు. మా ఆడపడుచు తన మాత్రలో సగం ఇచ్చింది. నెలరోజులుగా వారానికి రెండు మూడుసార్లు వేసుకుంటున్నాను, ఆ రాత్రి బాగానే ఉంటోంది. అత్తగారు దిష్టి అంటున్నారు. మా అమ్మ ‘మా కాలంలో ఇవన్నీ లేవు’ అంటోంది. సైకియాట్రిస్టుకి చూపించుకుందామంటే ‘ఏం, ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికా’ అంటారేమోనని భయం. నాకు పిచ్చి పడుతోందా?
— పేరు వద్దండీ, వనస్థలిపురం

జవాబు: పిచ్చి పట్టడం లేదమ్మా. మీ ఉత్తరంలో అసలు సంగతి చివర్లో, 22 రోజులు, 50 రోజులు అన్నచోట ఉంది. దాన్ని మీరు మాటవరసకి చెప్పినట్టు చెప్పి దాటేశారు.

మీరు కూలబడ్డ స్టేషన్‌కి ఏ కాలేజీ పేరు పెట్టారో ఆ కాలేజీలోనే నేను చదువుకున్నాను. కాన్పుల గురించి మాకు నెలల తరబడి చెప్పారు. ముట్లుడిగే వయసు గురించి ఒక్క క్లాసు చెప్పారు, అదీ మధ్యాహ్నం భోజనాల తర్వాత. సగం మంది నిద్రపోయాం. దాని ఫలితం నాకు 47వ ఏట తెలిసింది. ఒక సాయంత్రం పప్పు కుక్కర్ రెండో విజిల్‌కి ఉలిక్కిపడి చేతిలో గరిటె వదిలేశాను. మూడో విజిల్ వస్తుందని తెలుసు. స్టవ్ కట్టేయొచ్చని కూడా తట్టలేదు. చెవులు మూసుకుని, ఆ విజిల్ కోసం ఎదురుచూస్తూ వంటింట్లో నిలబడి ఏడ్చాను. అంతకు ముందు పొద్దునే ఓపీలో నలుగురు ఆడవాళ్లకి ‘మీది ఆ వయసమ్మా, కంగారు పడకండి’ అని చెప్పి వచ్చినదాన్ని. వారం తర్వాత మా వార్డులో సీనియర్ సిస్టర్ ఒకావిడ ‘మేడమ్, మీకు డేట్లు సరిగా వస్తున్నాయా?’ అని అడిగేదాకా నా సంగతి నాకు అర్థం కాలేదు. కాబట్టి మీకు తట్టలేదని సిగ్గుపడే పనేం లేదు.

నెలసరి పూర్తిగా ఆగి పన్నెండు నెలలు గడిస్తే దాన్ని మెనోపాజ్ అంటాం. దానికి ముందు, డేట్లు అటూ ఇటూ అవుతూ నడిచే కాలం పెరిమెనోపాజ్. ఇది సగటున నాలుగేళ్లు, కొందరికి రెండేళ్లే, కొందరికి ఎనిమిదేళ్ల దాకా కూడా. పాశ్చాత్య దేశాల్లో నెలసరి సగటున 51 దగ్గర ఆగితే మన దగ్గర 46, 47కే ఆగుతోంది. అంటే నలభై రెండు, మూడుకే ఈ తతంగం మొదలవడం మన ఇళ్లలో మామూలే. మీరు అందులో ఉన్నారు.

చాలామంది అనుకునేది, ఈ వయసులో ఈస్ట్రోజెన్ ట్యాంకులో నీళ్లలా మెల్లగా అడుగంటుతుందని. అలా తగ్గితే ఇంత గొడవ ఉండేది కాదు. అది ఎండాకాలంలో మన నల్లా లాంటిది. ఒకరోజు బకెట్ తన్నేసేంత ధార వస్తుంది, మర్నాడు బుస్సుమని గాలి, ఆ తర్వాత రెండ్రోజులు చుక్కలు. ఎప్పుడొస్తుందో తెలియక మనం రాత్రంతా చెవులు రిక్కించుకుని పడుకుంటామే, మీ మెదడు పరిస్థితీ అదే. మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ లాంటివి ఈస్ట్రోజెన్ మీద ఎంతో కొంత ఆధారపడి ఉంటాయి. ఇక రెండోది ప్రొజెస్టరాన్. అండం విడుదలైన నెలలోనే అది సరిగా తయారవుతుంది. మీకు 50 రోజులు రాని నెలలో బహుశా అండమే విడుదల కాలేదు. ప్రొజెస్టరాన్ నుంచి మెదడులో తయారయ్యే ఒక పదార్థం గాబా అనే వ్యవస్థ మీద పనిచేసి మనిషిని నెమ్మదిస్తుంది, నిద్రపుచ్చుతుంది. మీ ఆడపడుచు ఇచ్చిన మాత్ర పనిచేసేదీ ఆ గాబా మీదే అయి ఉంటుంది. అంటే ఇన్నాళ్లూ మీ ఒంట్లోనే ఉన్న నిద్రమాత్ర ఇప్పుడు కొన్ని నెలల్లో అందడం లేదన్నమాట.

దీనికి తోడు, ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉండే మెదడు భాగం చిన్న తేడాకే పెద్ద అలారం మోగిస్తుంది. ముఖం, మెడ ఒక్కసారి వేడెక్కుతాయి, చెమట పడుతుంది, గుండె వేగం పెరుగుతుంది. వీటినే ఆవిర్లు అంటాం. ఒకటి నుంచి ఐదు నిమిషాల పని. పగలైతే విసనకర్రతో పోతుంది. రాత్రి మూడింటికైతే నిద్రలోంచి లాగి కూర్చోబెడుతుంది.

ఇక్కడే జాగ్రత్తగా చూడండి. ముందు లేచింది గుండె. బాబు బండి సంగతి తర్వాత వచ్చింది. గుండె కొట్టుకుంటోంది కాబట్టి ఏదో ప్రమాదం ఉండాలని మనసు అనుకుంటుంది. చీకట్లో వెతుకుతుంది. దగ్గర్లో దొరికింది పిల్లాడి బండి, పాప పరీక్షలు, లోను. వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఇదే కారణం అని తేల్చేస్తుంది. లెక్కల టీచరు కదా, జవాబు ముందే రాసేసి దానికి తగ్గట్టు స్టెప్పులు వేసే పిల్లల్ని చూసే ఉంటారు. మనసు చేసే పని అదే. తాళం కథ కూడా అంతే. మీరు తాళం వేయకుండా వెళ్లిన రోజు ఒక్కటీ లేదని నేను పందెం కాస్తాను.

ఇది మీ మనసు గట్టిది కాకపోవడం వల్ల వచ్చింది కాదు. అమెరికాలో 1996లో మొదలై, నడివయసు ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అనే అధ్యయనం ఉంది. అంతకు ముందు ఆందోళన పెద్దగా లేనివాళ్లలో కూడా ఈ దశలో అది పెరగడం అందులో కనిపించింది. మీ అమ్మగారి మాటకొస్తే, మా అమ్మా అదే అనేది. కానీ ఒక ఏడాదంతా ఆవిడ మేడ మీద నీళ్లు చల్లుకుని పడుకోవడం, గిన్నె కింద పడితే ఇల్లెగిరిపోయేలా అరవడం నాకు గుర్తుంది. మేం ‘అమ్మకి వేడి చేసింది’ అని మజ్జిగ ఇచ్చేవాళ్లం.

సరే, ఇప్పుడు ఏం చేయాలి. అన్నీ హార్మోన్ల మీదకి తోసేసే ముందు అచ్చం ఇలాగే కనిపించే మూడు నాలుగు జబ్బుల్ని పక్కకి తీసేయాలి. థైరాయిడ్ ఎక్కువైతే ఇదే దడ, ఇదే చెమట, ఇదే కంగారు. టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించండి. 22 రోజులకోసారి బ్లీడింగ్ అవుతుంటే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే మెట్లెక్కినా గుండె కొట్టుకుంటుంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే, మనవాళ్లలో సగం మందికి పైగా అది ఉంటుంది. షుగర్, బీపీ, బీ12 కూడా చూపించండి. ఎఫ్‌ఎస్‌హెచ్ అని ఖరీదైన హార్మోన్ పరీక్ష రాస్తే, 45 దాటి ఈ లక్షణాలున్నవాళ్లకి మామూలుగా అది అక్కర్లేదని గుర్తుంచుకోండి. ఇవాళ ఒక అంకె, పదిరోజుల తర్వాత ఇంకో అంకె వస్తుంది. నల్లా అని చెప్పానుగా. గంటకో ప్యాడ్ మార్చేంత ఎక్కువైనా, గడ్డలు పడినా, మధ్యలో మరక కనిపించినా, ఏడాది ఆగి మళ్లీ వచ్చినా అది వేరే సంగతి. స్కాన్ చేయించాలి, కొన్నిసార్లు గర్భసంచి లోపలి పొర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ‘ఈ వయసులో అంతేలే’ అని ఊరుకోకూడదు. అలాగే, నడిచినప్పుడు గుండెలో బరువుగా పట్టేసి, దవడకో ఎడమ చేతికో పాకితే దాన్ని టెన్షన్ అనుకోవద్దు. ఒకసారి ఈసీజీ బాగుందని మళ్లీ వెళ్లడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు ఆ సగం మాత్ర. పేరు రాయలేదు, చాలామటుకు అల్ప్రాజోలమే అయి ఉంటుంది. మన ఊళ్లో ఇది చేబదులు పంచదారలా ఇల్లిల్లూ తిరుగుతుంది. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. కల్తీ కల్లులో కలిపేది కూడా ఇదేనని పేపర్లో చదివే ఉంటారు. ఆ కల్లు దొరకని రోజున వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రికి వచ్చినవాళ్లని నేను డ్యూటీలో చూశాను. మీ సగం మాత్రకీ దానికీ పోలికేంటి అంటారు. దారి ఒకటే అమ్మా, దూరంలోనే తేడా. కొన్ని వారాలు వరసగా వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, మానిన రాత్రి భయం రెండింతలవుతుంది. మీది వారానికి రెండు మూడుసార్లే కాబట్టి ఇప్పుడే డాక్టరుకి చెప్పి ఆపేయడం తేలిక. రోజూ వేసుకునేవాళ్లు మాత్రం ఇది చదివి ఇవాళే మానేయకండి. డాక్టరు చూసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించాలి.

మా నల్లకుంట ఇంట్లో ఇంకా షాబాద్ బండలే. రాత్రి మూడింటికి లేచినప్పుడు నేను చేసిన మొదటి పని మంచం దిగి అరికాళ్లు ఆ చల్లటి బండ మీద ఆనించి కూర్చోవడం. మీది టైల్స్ అయినా పర్లేదు. నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. వదలడం పొడుగ్గా ఉండాలి, కిటుకు అందులో ఉంది. ఐదు నిమిషాలు చాలు. ఫోన్ తీయొద్దు, టైమెంతైందో చూడొద్దు. ‘మూడైంది, ఇంకా రెండున్నర గంటలే’ అని లెక్క మొదలైతే ఇంక నిద్ర ఉండదు. లోను గురించి ఆలోచన వస్తే దాంతో వాదించొద్దు, ‘పొద్దున ఆరింటికి చూద్దాం’ అని దానికి టైమివ్వండి. పక్కన పొడి నూలు నైటీ ఒకటి పెట్టుకుంటే చీకట్లో బీరువా వెతకక్కర్లేదు.

ఇంకోటి. గోడ మీద తెలుగు కేలండర్ ఉంటుందిగా, పాలప్యాకెట్లు, గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసుకునేది. దాంట్లోనే నెలసరి వచ్చిన రోజున ఎర్ర చుక్క, రాత్రి మెలకువ వచ్చిన రోజున ఒక గీత, బాగా భయమేసిన రోజున ఇంటూ గుర్తు పెట్టండి. పోయిన ఏడాది ఒకావిడ మూడు నెలల కేలండర్ కాగితాలు చింపి, నాలుగు మడతలు పెట్టి చీర కుచ్చిళ్లలో దోపుకుని తెచ్చింది. బల్ల మీద పరిచి చూశాం. సంకష్టహర చతుర్థులు, రాహుకాలాల మధ్య నుంచి ఇంటూ గుర్తులు గుంపులు గుంపులుగా కనిపించాయి. దాదాపు అన్నీ ఎర్ర చుక్కకి ముందు వారంలోనే. ఆవిడ అప్పటిదాకా తనకి శనివారాలు కలిసిరావడం లేదనుకుంటోంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరూ ఆ కాగితాలు పట్టుకెళ్లండి. ‘ఏదోలా ఉంటోందండీ’ అంటే గ్యాస్ మాత్ర రాస్తారు. కాగితం చూపిస్తే వింటారు.

మెట్రో మానేయడం నాకు నచ్చలేదు. మీ తప్పని కాదు, అందరం అదే చేస్తాం. కానీ దిగిపోగానే భయం తగ్గుతుంది చూశారా, ఆ ఊరటే మెదడుకి తప్పుడు పాఠం నేర్పుతుంది: దిగాం కాబట్టి బతికాం అని. నిజానికి అలాంటి భయం పది నిమిషాల్లోపే కొండెక్కి, దిగకపోయినా దానంతటదే తగ్గుతుంది. ఒక ఆదివారం జనం లేని వేళ మీ పాపని తోడు తీసుకుని ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లి రండి. మూడే స్టేషన్లు. తర్వాత మలక్‌పేట. దడ వచ్చినా కూర్చునే ఉండండి, ఊపిరి లెక్కపెట్టండి. ఆ తర్వాతే మూసీ. తాళం దగ్గర కూడా అంతే, ఒకసారి లాగి చూసి ‘వేశాను’ అని పైకి అనండి. వీధి చివర్లో అనుమానం వస్తే రానివ్వండి, మీరు మాత్రం వెనక్కి వెళ్లొద్దు. మొదటి వారం కష్టంగా ఉంటుంది. దీన్నే పద్ధతిగా నేర్పించే చికిత్సకి సీబీటీ అని పేరు. క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు. ఈ వయసు ఆందోళనకీ, ఆవిర్ల బాధకీ కూడా అది పనికొస్తుంది.

స్టాఫ్‌రూమ్‌లో ఎన్ని టీలు తాగుతారో రాయలేదు. టీచర్లు కదా, నాలుగు తక్కువ ఉండవని నా అంచనా. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం ఐదింటి ఇరానీ చాయ్ రాత్రి పదకొండింటికి కూడా మీతోనే ఉందన్నమాట. మధ్యాహ్నం తర్వాత మానేయండి, పొద్దునది మాత్రం ఎవరు చెప్పినా వదలొద్దు, నేనూ వదల్లేదు. నడక మంచిదని వేరే చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్లో అమ్మే మెనోపాజ్ పొడుల గురించి అడగబోయే వాళ్లకి ముందే చెప్తున్నాను, ఆ డబ్బుతో గుడ్లు, పండ్లు కొనుక్కోండి.

మందుల సంగతి. ఆవిర్లు, రాత్రి చెమటలు ఎక్కువై నిద్ర పాడవుతుంటే హార్మోన్ చికిత్స బాగా పనిచేస్తుంది. నిద్ర కుదిరితే సగం భయం దానంతటదే పోతుంది. ఆందోళన ఒక్కటే ఉండి మిగతావేం లేకపోతే మొదటి మందు అది కాదు. ‘హార్మోన్ అంటే క్యాన్సర్’ అనే భయం 2002లో వచ్చిన ఒక పెద్ద అమెరికా అధ్యయనంతో పాకింది. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63, మీకంటే పదిహేడేళ్లు పెద్దవాళ్లు. అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటనివాళ్లలో లెక్క వేరుగా ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ ప్రమాదం బొత్తిగా లేదని కాదు, వాడే రకాన్ని బట్టీ, ఎన్నేళ్లు వాడారన్నదాన్ని బట్టీ కొంత పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకి, కారణం తెలియని బ్లీడింగ్ ఉన్నవాళ్లకి సాధారణంగా ఇవ్వం. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా తప్పనిసరి. చర్మానికి రాసుకునే జెల్ రూపంలో అయితే రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రల కంటే తక్కువ. హార్మోన్ పడనివాళ్లకి, ఆందోళన బాగా ముదిరినవాళ్లకి ఎస్‌సిటాలోప్రామ్, వెన్లాఫాక్సిన్ లాంటివి ఉన్నాయి. ఇవి సగం మాత్రలా ఆ రాత్రికే పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కాస్త కంగారు పెరిగినట్టు కూడా ఉండొచ్చు. చాలామంది అక్కడే మానేసి ‘మందు పడలేదు’ అంటారు.

మీరు అడగని మాట ఒకటి, 50 రోజులు రాలేదని గర్భం రాదనుకోకండి. ఆపరేషన్ చేయించుకోకపోతే, యాభై లోపు నెలసరి ఆగినవాళ్లు రెండేళ్ల దాకా, ఆ తర్వాత ఆగినవాళ్లు ఏడాది దాకా జాగ్రత్త పడాలి. హార్మోన్ చికిత్స గర్భాన్ని ఆపదు. 46లో కడుపుతో వచ్చి సిగ్గుతో ఏడ్చినవాళ్లని చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఎర్రగడ్డ సంగతి. ఆ ఊరి పేరుని మన హైదరాబాదీలు తిట్టుగా మార్చేశారు. అక్కడి ఓపీలో కూర్చునే వాళ్లలో నిద్రపట్టనివాళ్లు, భయం పట్టుకున్నవాళ్లు, మీలా నాలా ఉద్యోగాలకి వెళ్లొచ్చేవాళ్లు బోలెడుమంది. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే గాంధీ ఆస్పత్రిలోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. గడప దాటకుండా మాట్లాడాలనుంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి మూడింటికి కూడా ఎత్తుతారు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా ఒక్కసారి తొంగిచూసినా ఆ నంబరుకి చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. తెల్లారేదాకా ఆగొద్దు.

మీవారు ఏమీ అనలేదన్నారు. ఆయనకి ఏమనాలో తెలియలేదేమో. ఈ పేజీ ఆయన కాఫీ కప్పు కింద పెట్టి చూడండి. దిష్టి తీయనివ్వండి, ఉప్పూ మిరపకాయలే కదా. అత్తగారికి తృప్తి, మీకు పోయేదేం లేదు.

ప్రశ్న: నాకు 51, కూకట్‌పల్లి. మా ఆవిడకి 48. ఏం మాట్లాడినా తప్పే, మాట్లాడకపోయినా తప్పే. రాత్రి ఏసీ 20లో పెడుతుంది, నేను దుప్పట్లో వణుకుతాను. పెంచితే యుద్ధం. ‘టెన్షన్ పడకు’ అంటే ఏడుస్తుంది. నేనేం చేయాలి?

జవాబు: ముందు ‘టెన్షన్ పడకు’ అనడం మానండి. ఆవిడ టెన్షన్‌ని పిలిచి తెచ్చుకోలేదు. ఏసీ ఆవిడ చేతిలో పెట్టి, మీరు ఇంకో దుప్పటి కొనుక్కోండి. డబుల్ బెడ్ మీద రెండు వేర్వేరు దుప్పట్లు ఉండకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి, అయితే లోపల ఆవిడ బదులు మీరు మాట్లాడకండి. మా ఓపీలో ‘మీకేం బాధమ్మా’ అంటే పక్కనున్న భర్తలు ‘ఏం లేదు మేడమ్, ఊరికే ఆలోచిస్తుంది’ అంటుంటారు. అలాంటాయన్ని బయట కూర్చోబెట్టిన రోజులున్నాయి. వీలైతే రాత్రి వంట మీరు చేయండి. చేతకాకపోతే కుక్కర్ దగ్గరైనా నిలబడండి. ఎందుకో పై జవాబులో ఉంది.

ప్రశ్న: నా వయసు 39. ఉప్పల్‌లో టైలరింగ్ చేస్తాను. 34లో బ్లీడింగ్ ఎక్కువని ఊళ్లో ఒక ఆస్పత్రిలో గర్భసంచి తీసేశారు. ఏడాదిగా ఆవిర్లు, చేతులు వణకడం, గుండెదడ. మిషన్ తొక్కుతుంటే ఏదో అయిపోతుందని భయం. గర్భసంచే లేనిదానికి ఈ వయసు సమస్యలేంటి అని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు తల్లీ. హార్మోన్లు తయారుచేసేది అండాశయాలు, గర్భసంచి కాదు. నీకు తెలియాల్సిన మొదటి సంగతి, అప్పుడు అండాశయాలు ఉంచారా, వాటినీ తీసేశారా అని. డిశ్చార్జి కాగితం వెతుకు. తీసేసి ఉంటే ఆపరేషన్ రోజునే నీకు మెనోపాజ్ వచ్చేసినట్టు. ఉంచినా, గర్భసంచి తీసినవాళ్లలో అవి మామూలు కంటే కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు. నెలసరి లేదు కాబట్టి నీకు కేలండర్ చెప్పదు. పై ఆవిడకి వద్దన్న ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష నీకు మాత్రం కావాలి, థైరాయిడ్‌తో పాటు.

ఇది నీ ఒక్కదాని కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అది రెండింతలు దాటింది. మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్‌తో తగ్గే బ్లీడింగ్‌కి కూడా కత్తి పట్టిన సందర్భాలు నా కళ్లతో చూశాను. నా తోటి డాక్టర్లు కొందరికి ఈ మాట నచ్చదు, పర్లేదు.

పరీక్షలో హార్మోన్ పడిపోయిందని తేలితే, నీ వయసులో హార్మోన్ చికిత్స భయపడాల్సింది కాదు. వేరే అడ్డంకి లేకపోతే మామూలుగా నెలసరి ఆగే వయసు దాకా వాడమనే చెప్తాం, ఎముకల కోసం, గుండె కోసం కూడా. గర్భసంచి లేదు కాబట్టి నీకు చాలామటుకు ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది, ప్రొజెస్టరాన్ అక్కర్లేదు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లలో మంగళవారం మంగళవారం ఆడవాళ్లనే చూసే ఏర్పాటు చేశారు, ముట్లుడిగే సమస్యలూ అందులో చేర్చారు. మీ బస్తీ దవాఖానాలో ఎక్కడుందో అడుగు. డిశ్చార్జి కాగితం దొరక్కపోతే స్కాన్‌లో అండాశయాలు ఉన్నాయో లేదో చాలావరకు తెలిసిపోతుంది. కాగితం కోసం మళ్లీ ఆ ఊరి ఆస్పత్రి చుట్టూ తిరిగి ఆరోజు కూలి పోగొట్టుకోవద్దు.